క్యాలిక్యులేటరు నేర్పెడు మితవ్యయము

గత సంవత్సరము మా తరగతి విద్యార్థి యొకడు తన క్యాలిక్యులేటరు చెడిపోయినదని చెత్తబుట్టలో వేయబోయెను. నేను దానిని తీసికొని చూడగా యంత్రమున లోప మేమియు లేదు. లోపలి బటన్ సెల్లు మాత్రము తీరిపోయినది. క్రొత్త సెల్లు వేయగనే అంకెలు మరల కనబడెను. తన యంత్రము దేనివలన నడచుచున్నదో ఆ బాలు డెన్నడు నాలోచింపలేదు. ఈ యెరుక ప్రతి విద్యార్థికి నవసరమని నా యభిప్రాయము.

పూర్వము లెక్కించు యంత్రములకు మనుష్యుని చేయియే శక్తి. 1642లో ఫ్రాన్సు దేశమున పాస్కలు నిర్మింప నారంభించిన యంత్రము చక్రములను చేతితో త్రిప్పినగాని పనిచేయదు. విద్యుచ్ఛక్తి వచ్చిన పిదప వ్యయము మిక్కుటమయ్యెను. 1957లో జపానునందు క్యాసియో సంస్థవారు వెలువరించిన యంత్రము 140 కిలోగ్రాముల బరువు కలిగి 300 వాట్ల విద్యుత్తును గ్రహించెడిది. 1972లో వచ్చిన హ్యూలెట్ ప్యాకర్డువారి యంత్రము జేబులో నిముడునదే. అయినను దాని యెఱ్ఱని అంకెలు స్వయముగా వెలుగవలసినందున బ్యాటరీ కొన్ని గంటలకే తీరిపోయెడిది.

మరుసటి యేడే, అనగా 1973లో, షార్పు సంస్థవారి యంత్రము ఒక్క చిన్న బ్యాటరీతో 100 గంటలు నడచెను. ఇది బ్యాటరీ బలము పెరిగినందున జరిగినది కాదు. యంత్రమునకు గావలసిన శక్తియే తగ్గెను. దాని ద్రవస్ఫటికపు తెర తాను వెలుగక, చుట్టునున్న వెలుతురుతోనే అంకెలను జూపును. లోపలి వలయములును పనిలేనపుడు విద్యుత్తును దాదాపుగా గ్రహింపవు. అవసర మిట్లు తగ్గినందుననే 1976లో అదే సంస్థవారు సౌరఘటములు గల యంత్రమును వెలువరింపగలిగిరి.

నేటి సామాన్యమైన క్యాలిక్యులేటరునకు ఒక వాట్టులో వెయ్యవ వంతైనను అక్కరలేదు. 9 వాట్ల దీపము ఒక గంట వెలుగుటకు గావలసిన శక్తితో అది 9000 గంటలకు పైగా పనిచేయగలదు. గదిలోని దీపపు వెలుతురే దానికి చాలును.

"ఇంత స్వల్పశక్తిని గూర్చి విచారమేల?" యని కొంద రడుగవచ్చును. శక్తి స్వల్పమే, కాని సెల్లును జేయుటకు లోహములును శ్రమయు గావలెను. పారవేసిన సెల్లు మట్టిని చెఱచును. పసిబిడ్డ మ్రింగినచో ప్రాణాపాయము. కావున తలిదండ్రులు క్యాలిక్యులేటరు కొనునపుడు సౌరఫలకము గలదానిని కోరుట మేలు. విద్యార్థులు యంత్రము ఆగినంతనే పారవేయక, మొదట సెల్లును మార్చి చూడవలెను. తీరిపోయిన సెల్లును పిల్లల కందకుండ దాచి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి అప్పగింపవలెను.

దుప్పటి యున్నంతవరకే కాళ్లు చాపుకొనుమని మన పెద్దలు చెప్పుదురు. మన బల్లపై నున్న యీ చిన్న యంత్రము ఆ మాటను పాటించియే దీపపు వెలుతురుతో బ్రదుకుచున్నది. దానిని చేతబట్టు మనము గది విడుచునపుడు ఆ దీపము నార్పుటయైన నేర్చుకొనరాదా?