ఊరూ పేరూ లేని పాట

ఒక కళ చిన్న గుంపులో ఉన్నంతకాలం దాని కులగోత్రాలను గురించి ఎవరూ తగవులాడరు. అది నలుగురి నోటా పడినప్పుడే అసలేది, నకలేది, మనదా, పరాయిదా అన్న ప్రశ్నలు పుట్టుకువస్తాయి. గోదావరి డెల్టాలో డీజే పాటల విషయంలో నేడు జరుగుతున్నది ఇదే.

పెండ్లి ఊరేగింపులలోను, వినాయక నిమజ్జనాలలోను, అమ్మవారి జాతరలలోను బండిపై పేర్చిన స్పీకర్లనుండి వినవచ్చే ఈ సంగీతాన్ని పెద్దలు వట్టి చప్పుడని తోసివేస్తారు. అభిమానులైన యువకులు మాత్రం అందులో శాఖలను, ఉపశాఖలను గుర్తిస్తారు. ఒక జానపదగీతాన్నో, సినిమా పాటనో తీసుకొని, దాని వేగం మార్చి, అడుగున కంప్యూటరుపై కూర్చిన దరువు పరచి తయారుచేసినదే మిక్సు. హైదరాబాదు వీధులలో పేరుపడిన తీన్‌మార్ దరువుపై నడిచేది ఒక రకం. ఊరేగింపు నడకకు అనువైన రోడ్‌షో మిక్సు మరొక రకం. వీటిని కూర్చే కుర్రవాళ్లలో చాలామంది ఏ సంగీత కళాశాల గడపా తొక్కినవారు కారు. ఇంటివద్ద, ఒక కంప్యూటరు ముందు కూర్చొని, విని నేర్చినవారు. వారి పాటలు అంగడిలో అమ్మకానికి రాలేదు. చేతి ఫోనులలోనే ఊరినుండి ఊరికి ప్రాకినవి.

2022లో వచ్చిన 'డీజే టిల్లు' చిత్రం ఊరేగింపులలో పాటలు వేసే డీజేను కథానాయకుణ్ణి చేసింది. వీధిలోని మాట వెండితెర కెక్కింది. అభిమానుల తర్కం రెండు పక్షాలుగా సాగుతున్నది. డప్పు, డోలు, సన్నాయి పుట్టిపెరిగిన నేలకు యంత్రపు దరువు సొంతం కానేరదనీ, అందులోను తీన్‌మార్ మనది కానేకాదనీ ఒక పక్షం. సినిమా చేయిపడితే ఈ పాట రుచి చెడుతుందనీ, తెలిసినవారి మధ్యనే అది బ్రతకాలనీ రెండవ పక్షం.

మొదటి వాదాన్ని గోదావరి తీరపు నాటకరంగమే పూర్వపక్షం చేసింది. హార్మోనియం మన వాద్యం కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపాలో పుట్టిన యంత్రం. భారతీయ సంగీతపు గమకాలు అందులో పలకవన్న ఆక్షేపణతో ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు. కాని రాజమహేంద్రవరంనుండి పాలకొల్లు వరకు పద్యనాటకం ఆడిన ప్రతి పందిరిలోను హార్మోనియం మ్రోగుతూనే ఉన్నది. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలలోని పద్యం ఆ శ్రుతితోనే జనం చెవిలో నిలిచిపోయింది. నేడు హార్మోనియం లేని పద్యనాటకాన్ని ఎవరూ ఊహించలేరు. పరాయి యంత్రం మన మాటకు లొంగినప్పుడు అది మనదైపోతుంది. కనుక కంప్యూటరు అన్నంత మాత్రాన ఆ సంగీతాన్ని వెలివేయడం న్యాయం కాదు.

రెండవ వాదంలో కొంత నిజమున్నది. కళ పదిమందిలోకి పోయినప్పుడు దాని పదును కొంత మొద్దుబారవచ్చు. కాని వ్యాప్తి దానంతటదే నాశనహేతువు కాదు. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాలపై తరలివస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ వీధిలో సాగిన ఆంధ్రప్రదేశ్ శకటంపై నిలిచినది ఆ ప్రభల తీర్థమే. దేశమంతా చూచినంత మాత్రాన ప్రభల ప్రభావం తగ్గలేదు. ఎందుచేతనంటే, ప్రభలు ఢిల్లీ పోయినప్పుడు కోనసీమ పేరును వెంటబెట్టుకొని పోయినవి.

అసలు కీలకం ఇక్కడనే ఉన్నది. వ్యాప్తి వలన కళకు చేటు లేదు. వ్యాప్తిలో పేరు జారిపోవడం వలననే చేటు.

డీజే మిక్సును శ్రద్ధగా విన్నవారికి ఒక వింత కనిపిస్తుంది. పాట మధ్య మధ్య, మిక్సు చేసిన కుర్రవాని పేరూ, తరచు అతని ఊరి పేరూ పెద్దగా వినబడతాయి. అది గర్వమని కొందరు నవ్వుతారు. నవ్వవలసిన పని లేదు. 1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీవారు పాటలు రికార్డు చేసినప్పుడు, గాయని గౌహర్‌జాన్ పాట చివర తన పేరు తానే ప్రకటించింది. ఆ ధ్వనిని పళ్లెములుగా అచ్చువేసే జర్మనీవారికి పాట ఎవరిదో తెలియడానికి అది అవసరమైనది. యంత్రం గొంతునే మోస్తుంది; మనిషిని మోయదు. అందుచేత మనిషి తన పేరును గొంతుకే ముడివేసుకున్నాడు. డెల్టా కుర్రవాడు చేస్తున్నదీ అదే.

కాని అతడు తన పేరు పదిసార్లు వినిపించి, ఆ పాటను మొదట పాడిన జానపదగాయని పేరు ఒక్కసారి వినిపించడు. ఆ దరువులోని డప్పు ఎవరి చేతిదో చెప్పడు. ఒకప్పుడు ఊరేగింపుకు పిలుపు వచ్చిన డప్పు, సన్నాయి మేళాలవారు నేడు డీజే బండి వచ్చినచోట ఇంటివద్ద కూర్చుంటున్నారు. వారి దరువు మాత్రం బండిలో మ్రోగుతున్నది. కూలీ పోయినవానికి పేరైనా మిగలకపోవడం చిన్న అన్యాయం కాదు.

ఈ అన్యాయం మన దేశానికే పరిమితం కాదు. 1969లో అమెరికాలో 'ది విన్‌స్టన్స్' అనే బృందం 'ఆమెన్, బ్రదర్' అనే వాద్యగీతాన్ని రికార్డు చేసింది. అందులో గ్రెగరీ కోల్‌మన్ అనే వాద్యకుడు సుమారు ఆరు సెకన్ల పాటు ఒంటరిగా డ్రమ్ములు వాయించాడు. ఇరవై ఏండ్లకు ఇంగ్లండు యువకులు ఆ ఆరు సెకన్లను కత్తిరించి, వేగం పెంచి, మరల మరల అతికి 'జంగిల్', 'డ్రమ్ అండ్ బేస్' అనే సంగీతశాఖలను నిర్మించారు. అది అసలైనదా, బజారుపాలైనదా అని అక్కడి అభిమానులు కూడ ఏండ్ల తరబడి వాదించుకున్నారు. ఆ దరువు వేసిన కోల్‌మన్‌కు మాత్రం దానివలన చిల్లిగవ్వ ముట్టలేదు. 2006లో దారిద్ర్యంలో మరణించాడు. 2015లో ఆ సంగీతపు అభిమానులే చందాలు ప్రోగుచేసి, బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు సుమారు 24 వేల పౌండ్లు సమర్పించారు. ఋణం తీరిందనలేము; ఋణమున్నదని ఒప్పుకున్నారు. అదీ అభిమానానికి గుర్తు.

మన భాషలోను ఈ ప్రశ్న లేవకపోలేదు. 2021లో 'లవ్ స్టోరీ' చిత్రానికి తెలంగాణ జానపదగీతం ఆధారంగా సుద్దాల అశోక్ తేజ రచించిన 'సారంగ దరియా' పాట ఊరూరా మ్రోగింది. ఆ జానపదగీతాన్ని టెలివిజన్ వేదికపై అంతకుముందే పాడిన కోమలి అనే గాయని, తనకు గుర్తింపు ఏదని బహిరంగంగా అడిగింది. ఆ వివాదంలో ఎవరి పాలు ఎంత అన్నది అటుంచి, ఆ ప్రశ్న అడగవలసినదే. డీజే బండి ముందు ఆడిన లక్షలమందిలో ఆ ప్రశ్న ఎందరికి తోచింది?

జానపదగీతానికి కర్త ఉండడు కదా, పేరెవరిదని చెప్పాలని కొందరు అడుగుతారు. కర్త తెలియకపోవచ్చు, పాడినవారు తెలుస్తారు, ఊరు తెలుస్తుంది. రాజమహేంద్రవరం ప్రాంతంవారైన నేదునూరి గంగాధరం గారు పల్లెపల్లె తిరిగి పాటలు సేకరించి గ్రంథాలుగా వెలువరించకపోతే, వాటిలో ఎన్ని పాడినవారితోనే మట్టిలో కలిసిపోయి ఉండేవో! ఆయన చేతిలో ఉన్నది కాగితం, కలం. నేటి విద్యార్థి చేతిలోని ఫోను గొంతును, ముఖాన్ని, ఊరిని ఒక్కసారిగా పట్టుకోగలదు. సాధనం పెరిగింది, శ్రద్ధ పెరగవలసి ఉన్నది.

కనుక డీజే పాట మనదా, పరాయిదా అని తలలు బద్దలుకొట్టుకొనడం కంటె, అభిమానులు ఆ పాట వంశవృక్షం వ్రాసుకొనడం మేలు. ఉపాధ్యాయులు ఇందులో చేయగలిగినది కొద్దిగా ఉన్నది. పాఠశాల వార్షికోత్సవాలలో పిల్లలు ఈ మిక్సులకే నృత్యం చేస్తున్నారు. ఆ పాటను వద్దని నిషేధిస్తే వారు బయట వింటారు. ఆడబోయే ముందు ఆ పాట ఏ సీమదో, మొదట ఎవరు పాడారో, దరువు ఏ వాద్యానిదో తెలుసుకొని వేదికపై చెప్పిన తరువాతనే ఆడాలని నియమం పెడితే, వారు నాలుగు ఇండ్ల తలుపులు తట్టి అడుగుతారు. ఆ ఇండ్లలో ఒకదానిలో ఒక డప్పు గోడకు వ్రేలాడుతూ ఉండవచ్చు. దానిని దించి వాయించి చూపేవారు ఇంకా ఉన్నారు. వారు ఉండగానే అడగవలసి ఉన్నది.