అదే నవ్వు

కమలా హారిస్ నవ్వితే పక్క గదిలోకి వినబడుతుంది. తల వెనక్కి వాల్చి, ఎవరేమనుకుంటారోనన్న బెరుకు లేకుండా, కడుపారా నవ్వే మనిషి. ఆ నవ్వు తనకు తల్లి శ్యామలా గోపాలన్ నుంచి వచ్చిందని 2024 ఏప్రిల్‌లో డ్రూ బారీమోర్ టీవీ షోలో ఆమే చెప్పుకున్నారు. అరవయ్యో పడికి చేరువైన మనిషి నవ్వు నాలుగు నెలల్లో మారదు. దాని గురించి రాసిన రాతలే మారాయి. 2021లో అది వేళాపాళా తెలియని నవ్వు. 2024 జూన్‌లోనూ అదే మాట. జులై చివరికల్లా దేశానికి పట్టిన దిగులు వదలగొట్టే నవ్వయింది. నవంబరు రెండో వారానికి, లోపల సరుకు లేక పైకి తెచ్చిపెట్టుకున్న నవ్వని మళ్లీ తేల్చేశారు.

కాస్త వెనక్కి వెళితే ఈ కథకు పాత నకలు ఒకటి కనిపిస్తుంది. 2019 జనవరి 27న సొంతూరు ఓక్లండ్‌లో హారిస్ తొలిసారి అధ్యక్ష ప్రచారం ప్రారంభించిన రోజు 20 వేల మంది దాకా వచ్చారని అంచనా. ఇంకేం, టీవీ స్టూడియోల్లో ఆమె అప్పుడే సగం అధ్యక్షురాలు. జూన్ 27న మయామీలో డెమొక్రాట్ అభ్యర్థుల చర్చలో, పిల్లల్ని జాతిభేదం లేకుండా కలిపి చదివించే స్కూలు బస్సుల విషయమై జో బైడెన్‌ను నిలదీశాక ఆ మిగతా సగం కూడా అయిపోయినంత పనైంది. తర్వాతి నెల చర్చలో తోటి అభ్యర్థి తులసీ గబార్డ్ ఆమె ప్రాసిక్యూటర్ రోజుల్ని తవ్వి పోశారు. సర్వేల్లో అంకెలు జారాయి. డిసెంబరు 3న, ఏ రాష్ట్రంలోనూ ఒక్క ఓటు పడకముందే, హారిస్ పోటీ నుంచి తప్పుకున్నారు. మునగచెట్టు ఎక్కించినవాళ్లే కింద నిలబడి, కొమ్మ పెళుసని మాకు ముందే తెలుసన్నారు.

ఉపాధ్యక్షురాలయ్యాక మొదటి వేసవిలోనే ఎన్‌బీసీ విలేకరి లెస్టర్ హోల్ట్, మెక్సికో సరిహద్దుకు ఎందుకు వెళ్లలేదని అడిగారు. యూరప్‌కూ వెళ్లలేదుగా అంటూ ఆమె నవ్వేశారు. పేలవమైన జవాబే, సందేహం లేదు. కానీ ఆ ఒక్క నవ్వును మూడేళ్లపాటు అరగదీశారు. ఆమె దగ్గర సిబ్బంది నిలవడం లేదని కథనాలు, అప్పజెప్పిన పని తేలలేదని విశ్లేషణలు. 2024 మార్చిలో వాషింగ్టన్ పోస్ట్ కాలమిస్టు కేథ్లీన్ పార్కర్, దేశం మేలు కోరి హారిస్ టికెట్ నుంచి పక్కకు జరగాలని రాశారు. జూన్ 27 చర్చలో బైడెన్ తడబడ్డాక ఆయన్ను దిగిపొమ్మన్న వ్యాఖ్యాతల్లోనూ కొందరు హారిస్ పేరు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు నమిలారు. పార్టీ మహాసభలో అందరికీ పోటీ పెడితే మంచిదేమో అన్నారు.

జులై 21, ఆదివారం. బైడెన్ తప్పుకున్నారు, హారిస్ పేరు ప్రతిపాదించారు. మొదటి 24 గంటల్లో 8 కోట్ల 10 లక్షల డాలర్ల విరాళాలు వచ్చాయని ప్రచార వర్గం ప్రకటించింది. ఒకటిన్నర రోజు తిరిగేసరికి నామినేషన్‌కు సరిపడా ప్రతినిధులు ఆమె వెనక చేరారు. ఆ వారం పత్రికలు తిరగేస్తే ఎవరో కొత్త మనిషి రాజకీయాల్లోకి అడుగుపెట్టిందనుకోవాలి.

కొబ్బరిచెట్టు సంగతే చూడండి. 2023 మేలో వైట్‌హౌస్‌లో మాట్లాడుతూ హారిస్ తన తల్లి మాట ఒకటి గుర్తు చేసుకున్నారు. ‘ఇప్పుడే కొబ్బరిచెట్టు మీంచి ఊడిపడ్డామనుకుంటున్నారా’ అని ఆవిడ పిల్లల్ని కసిరేవారట. మన ఇళ్లలో ఆకాశం నుంచి ఊడిపడ్డావా అంటామే, ఆ బాపతు. అది చెప్పి హారిస్ ఫక్కున నవ్వి, వెంటనే గంభీరంగా మారి, మనం బతికే పరిసరాల గురించీ మనకన్నా ముందు జరిగినవాటి గురించీ ఏదో తాత్వికంగా అన్నారు. రిపబ్లికన్లు ఆ వీడియో ముక్కను ఏడాదికి పైగా వెక్కిరింతకు వాడుకున్నారు. తటస్థులమనుకునే వ్యాఖ్యాతలకు కూడా అది ఆమె అయోమయానికి నమూనా. 2024 జులై 21 తర్వాత అదే ముక్క, అదే నిడివి, ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా, ముద్దొచ్చే వీడియో అయిపోయింది. కొలరాడో గవర్నర్ జారెడ్ పోలిస్ కొబ్బరికాయ, చెట్టు, జెండా బొమ్మలు పెట్టి మద్దతు ప్రకటించారు. హవాయీ సెనేటర్ బ్రయన్ షాట్జ్ ఏకంగా కొబ్బరిచెట్టు ఎక్కుతున్న తన ఫోటో పెట్టారు. ఇదంతా సరదా, ఎన్నికల్లో ఉండాల్సిందే. కానీ సంపాదకీయ పుటల్లో గంభీరమైన మనుషులు కొబ్బరిచెట్టు మీద గంభీరమైన వ్యాసాలు రాశారు. నిరుడు దాన్నే మేం వేరేగా చదివామని వాళ్లలో ఎంతమంది ఒక వాక్యమైనా కలిపారు?

ఆగస్టు 6న ఫిలడెల్ఫియా సభలో ఆమె ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్, ఆనందాన్ని తిరిగి తెచ్చారంటూ హారిస్‌కు ధన్యవాదాలు చెప్పారు. అప్పట్నుంచి ఆ మాటే అందరికీ ఊతపదమైంది. నవ్వుల కమల అని ట్రంప్ పెట్టిన వెక్కిరింపు పేరు కూడా కొన్నాళ్లు ఆమెకు కలిసొచ్చినట్టే కనిపించింది. తర్వాత గాలి మెల్లగా తిరిగింది. నెల దాటినా విలేకరులకు కూర్చుని ఇంటర్వ్యూ ఇవ్వలేదేమని మొదలైంది. ఆగస్టు 29న సీఎన్ఎన్‌కు తొలి ఇంటర్వ్యూ ఇచ్చినప్పుడు వాల్జ్‌ను పక్కన కూర్చోబెట్టుకోవడమూ తప్పే అయింది. ఆ విమర్శ న్యాయమైనదే. దేశాన్ని ఏలతానన్న మనిషి ప్రశ్నలకు దొరకాలి. అయితే అడగాల్సిన ప్రశ్నలు జులై 22న కూడా ఉన్నాయి. ట్రంప్‌తో సెప్టెంబరు 10 చర్చ బాగా జరిగింది, పొగడ్తలు తిరిగొచ్చాయి. అక్టోబరు 8న ‘ద వ్యూ’ కార్యక్రమంలో, బైడెన్ కంటే భిన్నంగా ఏం చేసి ఉండేవారని అడిగితే ఏమీ తట్టడం లేదన్నారు. అంతటితో మళ్లీ కిందికి. పోలింగ్‌కు ముందు శనివారం అయోవాలో ఆన్ సెల్జర్ సర్వే హారిస్ 3 పాయింట్లు ముందున్నట్టు చూపితే, ఆ వారాంతమంతా అదే చర్చ, ఆమెలో అప్పటిదాకా కనబడని గుణాలెన్నో బయటపడ్డాయి. మంగళవారం రాత్రి ట్రంప్ అయోవాను 13 పాయింట్ల తేడాతో గెలిచారు.

ఇందులో కుట్ర వెతికేవాళ్లున్నారు. మీడియా హారిస్‌కు అమ్ముడుపోయిందన్నవాళ్లూ, పగబట్టిందన్నవాళ్లూ ఇద్దరూ తమ వాదనకు కావలసిన పేజీలు కత్తిరించి చూపగలరు, ఎందుకంటే రెండూ అచ్చయ్యాయి. అసలు సంగతి అంతకంటే సాదాసీదాగా ఉంటుంది. వ్యాఖ్యాత ముందు స్కోరు చూస్తాడు, తర్వాత ఆ స్కోరుకు తగిన స్వభావాన్ని మనిషిలో వెతుకుతాడు. 2008 సెప్టెంబరు 8 నుంచి అక్టోబరు 16 వరకు వచ్చిన వార్తల్ని ప్యూ సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ మీద వచ్చిన కథనాల్లో 57 శాతం ప్రతికూలం, 14 శాతమే అనుకూలం. ఒబామాకు 36 శాతం అనుకూలం, 29 శాతం ప్రతికూలం. సర్వేల్లో ముందున్నవాడికి మంచి మాట, వెనకబడ్డవాడికి చెడ్డ మాట అన్న పోకడే అందులో కనబడింది. ఇదే మెకెయిన్ 2000లో విలేకరులకు ఆరాధ్యుడు. బస్సులో వాళ్ల మధ్య కూర్చుని, అడిగిందానికల్లా గంటల తరబడి జవాబిచ్చేవారు. నా ఓటుబ్యాంకు వీళ్లేనని మీడియా గురించి చమత్కరించేవారని పేరు.

ఆ బస్సుకు కూడా ఇందులో వాటా ఉంది. 1972 ఎన్నికల్లో విలేకరులతో కలిసి తిరిగిన తిమోతి క్రౌస్ ‘ద బాయ్స్ ఆన్ ద బస్’ అని పుస్తకం రాశారు. ఒకే బస్సు, ఒకే హోటలు, ఒకే ప్రసంగం నెలల తరబడి వినేవాళ్లు చివరికి ఒకేలా ఆలోచిస్తారని అందులో చూపించారు. ఏపీ వార్తాసంస్థ విలేకరి వాల్టర్ మియర్స్ చుట్టూ మిగతావాళ్లు చేరి, ఇవాళ్టి వార్తకు తలకట్టు ఏమిటని అడిగేవారట. ఇప్పుడు బస్సు స్థానంలో ఫోను వచ్చింది. మియర్స్‌ను అడగనక్కర్లేదు, అందరూ ఏమనుకుంటున్నారో చర్చ సగంలో ఉండగానే తెలిసిపోతుంది.

ఆ 1972లోనే ఎడ్మండ్ మస్కీ కథ నడిచింది. మెయిన్ రాష్ట్ర సెనేటర్. డెమొక్రాట్లలో ముందు వరుసలో ఉన్నవాడు. నిలువెత్తు మనిషి, లింకన్‌ను తలపించే గాంభీర్యమని పత్రికలు మెచ్చుకునేవి. ఫిబ్రవరి 26 ఉదయం న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో, మంచు కురుస్తుండగా, యూనియన్ లీడర్ పత్రికాఫీసు ముందు లారీ ఎక్కి నిలబడ్డారు. ఆయన మీదా భార్య జేన్ మీదా ఆ పత్రిక రాసిన రాతలకు జవాబు చెప్పబోయి గొంతు పూడుకుపోయింది, మాట ఆగింది. బుగ్గల మీద తడి. కన్నీళ్లని వాషింగ్టన్ పోస్ట్‌లో డేవిడ్ బ్రోడర్ రాశారు. కరిగిన మంచని మస్కీ అన్నారు. ఏదైతేనేం, ఆ గాంభీర్యం ఒక్క పూటలో నిలకడలేని మనసుగా మారిపోయింది. మార్చి 7న ఆ రాష్ట్ర ప్రైమరీలో మస్కీ 46 శాతం ఓట్లతో గెలిచారు, జార్జ్ మెక్‌గవర్న్‌కు 37 వచ్చాయి. గెలిచినా ఓడినట్టేనని రాశారు, సగం దాటతారని తామే ముందు అంచనా కట్టారు గనక. అక్కడి ఫ్రెంచ్ కెనడియన్ సంతతివారిని మస్కీ కించపరిచారంటూ అదే పత్రిక అచ్చువేసిన ఉత్తరం నిక్సన్ మనుషుల దొంగపనేనని ఆ అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ రాసేనాటికి మస్కీ ఎప్పుడో ఇంటికి వెళ్లిపోయారు. ఆ లారీ మీది దృశ్యం తనను ఇంకా వెంటాడుతోందని, తెరవెనక సంగతి తెలియకుండా రాశానని బ్రోడర్ 1987లో ఒక వ్యాసం రాశారు. పదిహేనేళ్లు పట్టింది. అయినా రాశారు, అదే అరుదు.

డెమొక్రాట్ల అభ్యర్థిత్వానికి పోటీపడ్డ హోవర్డ్ డీన్ కేక కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2004 జనవరి 19 రాత్రి అయోవాలో మూడో స్థానంలో మిగిలాక, కార్యకర్తల్లో ఉత్సాహం నింపబోయి ఆయన అరిచిన అరుపు నాలుగు రోజుల్లో జాతీయ ఛానళ్లలో 633 సార్లు ప్రసారమైందని లెక్క. హాల్లో ఉన్నవాళ్లకు ఆ కేక జనం హోరులో సరిగా వినబడనే లేదు. చేతిలోని మైకు ఆయన గొంతు మాత్రమే పట్టుకుంది. ఆ కేకతోనే ఓడిపోయాడని ఇప్పటికీ చెబుతారు. కేకకు ముందే ఓడారన్న సంగతి తారీకు చూస్తే తెలుస్తుంది.

అభిప్రాయం మారడమే తప్పని ఎవరూ అనరు. 2024లో బైడెన్ చర్చ చూశాక మనసు మార్చుకున్నవాళ్లు కళ్లెదుట కనబడిందాన్ని బట్టి మార్చుకున్నారు. అదే సంవత్సరం మార్చిలో, ఇంత చురుకైన బైడెన్‌ను ఎన్నడూ చూడలేదని ఎంఎస్ఎన్‌బీసీలో బల్లగుద్దిన జో స్కార్‌బరో, చర్చ మర్నాడు పొద్దున ఆయన కొనసాగాలా అని అడిగారు. అడగడం సబబే. మార్చి నాటి మాట ఏమైందన్నది ప్రేక్షకుడు తనంతట తాను గుర్తు పెట్టుకోవాలి.

మనవైపు ఆ వేసవిలో ఇంకో ముచ్చట. జె.డి.వాన్స్‌ను ట్రంప్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా ప్రకటించగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి మూలాలున్న తణుకు దగ్గరి వడ్లూరుకు కెమెరాలు పరుగెత్తాయి. వారం తిరగకుండానే తమిళనాట తులసేంద్రపురానికి, హారిస్ తాతగారి ఊరికి, మరికొన్ని. ఏ పార్టీ, ఏ విధానం అన్న గొడవ లేదు, ఇద్దరూ మన ఆడపడుచులే. నవంబరు 5 దాటాక తులసేంద్రపురం బులెటిన్లలోంచి జారిపోయింది, వడ్లూరు నిలిచింది. గెలుపు ఎటుంటే మన అభిమానమూ అటే నడుస్తుందన్నమాట, దానికి వాషింగ్టన్ దాకా వెళ్లక్కర్లేదు.

ఓటమి తర్వాత వచ్చిన పంచనామాలు చదివితే హారిస్ గెలిచే ప్రసక్తే మొదటి నుంచీ లేదనిపిస్తుంది. దేశం మొత్తం మీద ఓట్ల తేడా ఒకటిన్నర శాతం. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా, ఈ మూడు రాష్ట్రాల్లో కలిపి ట్రంప్ ఆధిక్యం సుమారు 2 లక్షల 30 వేల ఓట్లు. అందులో సగానికి కాస్త పైన, అక్కడక్కడా సరిపడా అటు మళ్లి ఉంటే ఆ 107 రోజుల ప్రచారం పాఠ్యపుస్తకాలకు ఎక్కేది, ఆ నవ్వు మీద ఒక అధ్యాయం ఉండేది. ఆ రోజుల లెక్కనే పేరుగా పెట్టి హారిస్ 2025 సెప్టెంబరులో పుస్తకం తెచ్చారు. మరుసటి నెల బీబీసీ ఇంటర్వ్యూలో మళ్లీ పోటీ చేసే తలుపు మూసెయ్యలేదు. పందేలరాయుళ్ల లెక్కలో ఆమె సినిమా నటుడు డ్వేన్ జాన్సన్ కంటే కూడా వెనకే ఉన్నారని అక్కడ గుర్తు చేస్తే, తాను సర్వేల మాట ఎప్పుడూ వినలేదన్నారు. 2028 అభ్యర్థుల జాబితాలు అప్పటికే పత్రికల్లో పడుతున్నాయి, ఒక్కొక్క పేరు పక్కన ఒక్కొక్క విశేషణంతో.