ముందు పురుగేదో చూడండి
కుక్క చెవి వెనక ఆముదం గింజలా బూడిదరంగులో ఉబ్బి కనిపించేది పులిపిరి కాదు, నెత్తురు తాగి నిండిన గోమారి. కాళ్లు లెక్కపెడితే తేలిపోతుంది: ఎదిగిన గోమారికి 8, పేనుకు 6. ఆ కాస్త ఓపిక లేకే చాలామంది కిరోసిన్ గుడ్డ అందుకుంటారు. దాంతో కుక్క చర్మం పొక్కుతుంది, నాకితే విషం లోపలికీ పోతుంది. అంతకంటే ప్రమాదం, కుక్క కోసం తెచ్చిన పెర్మెత్రిన్ మందు పిల్లికీ పూయడం. పిల్లి ఒంటికి అది అరగదు, వణుకుతో మొదలై ప్రాణం మీదికొస్తుంది. గోమారిని పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి, నలపకుండా తిన్నగా లాగి, స్పిరిట్ సీసాలో వేసి పశువుల డాక్టరుకు చూపించండి. కుక్క జ్వరంతో తిండి మానేస్తే, గోమారి కాటుతో సోకే ఎర్లీషియా ఉందేమో పరీక్ష చేయించాలి. అయినా అసలు యుద్ధం కుక్క మీద కాదు, ఇంట్లోనే. గోమారి బతుకులో ఎక్కువ కాలం గడిచేది గోడ పగుళ్లలో, గుమ్మం సందుల్లో. ఆడది వేలకొద్దీ గుడ్లు పెట్టేదీ అక్కడే. కుక్కకు ఎన్ని స్నానాలు చేయించినా, ఆ పగుళ్లు వదిలేస్తే కథ మళ్లీ మొదటికే. షాంపూకు పోసే డబ్బులో కొంత సిమెంటుకూ పెట్టండి.