విద్యార్థి వేదిక: రెండు గొట్టాల నడుమ దూరం

గత సంచికలో మేమిచ్చిన లెక్కకు మన ఉద్యోగుల పిల్లలు పలువురు శ్రద్ధగా సమాధానాలు పంపారు. సంతోషం. అయితే ఎక్కువమంది ఒక్కచోటనే పొరబడ్డారు గనుక ఈసారి అక్కడే కొంతసేపు ఆగుదాం.

లెక్క ఇది: కర్మాగారంలో ఒక గొట్టం మూలబిందువు గుండా (1, 2, 2) దిశలో సాగుతుంది. మరొకటి (1, 4, 0) గుండా (2, 1, −2) దిశలో పోతుంది. వాటి నడుమ కనిష్ఠ దూరమెంత? కొలతలు మీటర్లలో.

దిశల వజ్రలబ్ధం (−6, 6, −3). దాని పరిమాణం 9. బిందువులను కలిపే సదిశ (1, 4, 0)తో బిందులబ్ధం 18. కనుక దూరం 2 మీటర్లు.

పలువురు నడిమి అంశానికి గుర్తు మార్చడం మరచి (−6, −6, −3) అని వ్రాశారు. వారికి 10/3 వచ్చింది. చూపులకు అనుమానం రాదు; బిందువుల నడుమ దూరమైన √17 కన్నా అది తక్కువే కదా! కాని దానిని నమ్మి అక్కడ మూడు మీటర్ల పరికరాన్ని అమర్చబోతే పట్టదు.

వజ్రలబ్ధం రెండు దిశలకూ లంబం. కాబట్టి ఒక్కొక్కదానితో బిందులబ్ధం సున్న కావాలి. −6+12−6, −12+6+6: రెండూ సున్నలే. తప్పు సదిశతో మొదటిదే −24 అవుతుంది. పరీక్షలో ఇంత తీరిక ఎక్కడిదని ఒక తండ్రిగారు మాకు వ్రాశారు. ఇది అర నిమిషం పని. తప్పును పుట చివరి వరకు మోయడానికి అంతకంటె ఎక్కువే పడుతుంది.

ఇక రెండవ గొట్టాన్ని (1, 4, 6) గుండా పోనిచ్చి మరల చేయండి. వచ్చిన సంఖ్యతో పాటు దాని అర్థాన్ని కూడా వ్రాసి పంపండి.