ఊడాకే నోరు లేస్తుందట!

మొన్న ఓ పెళ్లి బంతిలో నా పక్కన కూర్చున్నాయన, అమెరికాలో ఇరవై ఏళ్లు మేనేజరుగిరీ వెలగబెట్టి వచ్చినాయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ తీర్పు చెప్పేశాడు. "హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీల మీద బురద చల్లేదంతా లేఆఫ్ అయినవాళ్లేనండీ. జీతం వచ్చినన్నాళ్లూ కిక్కురుమనరు. ఊడగానే నీతులు." చుట్టూ తలలు ఊగాయి. నాకు ముద్ద దిగలేదు.

జీతం వచ్చినన్నాళ్లూ ఎలా మాట్లాడతాడయ్యా? హెచ్-1బీ వీసా మీదున్న మనవాడికి ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీయో, ఇంకో వీసా దారో చూసుకోకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. పోయేటప్పుడు చేతిలో పెట్టే డబ్బుకి, కంపెనీని పల్లెత్తు మాట అనకూడదన్న షరతు తోక. అలా అడ్డగోలుగా నోరు కట్టేసే షరతులు చెల్లవని 2023 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు తేల్చింది. మేనేజర్లకి మాత్రం ఆ రక్షణ లేదు. మా బంతి పెద్దాయనకి మౌనం మీద అంత మమకారం అందుకేనేమో.

ఇంకో విడ్డూరం. ఇన్సూరెన్స్ అమ్మే కంపెనీలో పనిచేసినవాడికి ఉద్యోగంతోపాటు ఇన్సూరెన్సూ పోతుంది. కొన్నాళ్లు నిలుపుకోవాలంటే, కంపెనీ ఇన్నాళ్లూ కట్టిన వాటా కూడా తనే కట్టుకోవాలి, పైన 2 శాతం రుసుము. ఆ చట్టం పేరు కోబ్రా. ఎవరు పెట్టారో గానీ పేరు కుదిరింది.

ఇక "బురద" సంగతి. కాలిఫోర్నియాలో హెల్త్ నెట్ అనే కంపెనీ ఉంది. మనిషికి జబ్బు చేశాక పాత దరఖాస్తు బయటికి తీసి, ఫలానాది దాచావంటూ పాలసీ రద్దు చేయడం అక్కడ ఒకప్పుడు ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగికి లక్ష్యం పెట్టారు. ఇన్ని పాలసీలు రద్దు చేస్తే ఇంత బోనస్! 2000 నుంచి 2006 దాకా దాదాపు 1,600 పాలసీలు అలా తెగ్గోసి 3.55 కోట్ల డాలర్లు మిగుల్చుకున్నారు. రొమ్ము క్యాన్సర్‌కి కీమో నడుస్తుండగా పాలసీ పోగొట్టుకున్న ఒకావిడ పోరాడితే, 2007లో ఆ బోనస్ కాగితాలు వెలుగు చూశాయి. మరుసటి ఏడు మధ్యవర్తి ఆమెకి 90 లక్షల డాలర్లకు పైగా ఇప్పించాడు. చెప్పండి, ఆ లక్ష్యం సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుంది? రోగికా? షేర్లు కొన్నవాడికా? ఫైలు తెరిచే గుమాస్తాకి. వాడు నోరు విప్పితే దాన్ని కడుపుమంట అంటాం.

సరే, కడుపుమంటే అనుకుందాం. వెండెల్ పాటర్‌ని ఎవరు తీసేశారు? సిగ్నా కంపెనీ ప్రచార విభాగం పెద్దగా ఉండి, 2008లో తనంతట తానే బయటికొచ్చి, మరుసటి ఏడు సెనేట్ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. అదే సిగ్నాలో 2022లో రెండు నెలల్లో డాక్టర్లు 3 లక్షలకు పైగా క్లెయిములు తిరస్కరించారని, ఒక్కోదానికి సగటున పట్టింది 1.2 సెకన్లని అంతర్గత పత్రాలు చూసి ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ రాసింది. మా బంతిలో నెయ్యి వడ్డించిన కుర్రాడు కూడా మనిషికి అంతకన్నా ఎక్కువసేపే నిలబడ్డాడు.

"ఖర్చులు తగ్గించుకోవాలి కదండీ" అన్నాడు మళ్లీ ఆ పెద్దాయన. ఎట్నా ఇన్సూరెన్సుకి యజమాని అయిన సీవీఎస్ హెల్త్ 2023లో 800 కోట్ల డాలర్లకు పైగా లాభం చూపించింది. ఆ ఏడు దాదాపు 5,000 మందిని, మరుసటి ఏడు మరో 2,900 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. దీనికింతకన్నా జవాబు అక్కర్లేదు.

మరేం చేయాలంటారా? ప్రభుత్వ సొమ్ము మింగిన సంగతి బయటపెట్టి కేసు వేసినవాడికి, వసూలైన దాంట్లో 15 నుంచి 30 శాతం దాకా వాటా ఇచ్చే చట్టం అమెరికాలో ఉంది. మామూలు రోగి నోటికాడ మందు లాక్కున్న సంగతి చెప్పినవాడికీ అలాంటిదేదో ఉండాలి. ఎలాగన్నది లాయర్లు తేల్చుకోవాలి, నాకు చేతకాదు.

మీకు చేతనైంది ఒకటుంది. అక్కడ ఉద్యోగం పోయిన పిల్లవాడు అర్ధరాత్రి ఫోన్ చేస్తే, "ఇంకోటి చూసుకో నాన్నా" అనేసి పెట్టేయకండి. అక్కడ వాడిచేత ఏం చేయించారో అడగండి.