ప్రమోషన్ ఫారంలో లేని గడి

విశ్వవిద్యాలయ అధ్యాపకుల ప్రమోషన్ల మీద ఈ పత్రికలో సంపాదకీయం దేనికని కొందరు మిత్రులు అడిగారు. అంగన్‌వాడీ కార్యకర్తలు, కౌలు రైతు స్త్రీలు రోడ్డెక్కుతున్న రోజుల్లో, నెలనెలా బ్యాంకులో జీతం పడేవారి గొడవ మనకెందుకన్నది వారి ప్రశ్న. అడగదగిన ప్రశ్నే. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు యూజీసీ 2015లో చేసిన నిబంధనల ప్రకారం, విశ్వవిద్యాలయంలో అంతర్గత ఫిర్యాదుల కమిటీకి అధ్యక్షత వహించే అధ్యాపకురాలి హోదా ప్రొఫెసర్‌కు తగ్గకూడదు. స్త్రీలు ప్రొఫెసర్లు కాలేని చోట, ఫిర్యాదు పట్టుకుని వచ్చిన విద్యార్థిని ఎవరి ముందు కూర్చుని చెప్పుకోవాలి? ఏ పాఠం చెప్పాలో, ఏ పరిశోధన జరగాలో నిర్ణయించే బల్లల చుట్టూ కూర్చునేదీ ఆ హోదా ఉన్నవారే. ఎవరు ప్రొఫెసర్ అవుతారన్నది ఆ ఒక్కరి జీతానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలోని ఉన్నత విద్యాసంస్థల్లో పనిచేస్తున్న అధ్యాపకుల్లో స్త్రీలు 43.4 శాతం. వీరిలో ఎక్కువ మంది కింది మెట్టు మీదే ఉన్నారు. పై మెట్టుకు పోయే దారి ఎలా ఉందో చూద్దాం.

ఆ దారిని యూజీసీ 2018 నిబంధనలు నిర్దేశించాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరినవారు పిహెచ్.డి. ఉంటే నాలుగేళ్లకు లెవెల్ 10 నుంచి 11కి, మరో ఐదేళ్లకు 12కి వెళ్తారు. ఆపైన మూడేళ్లకు అసోసియేట్ ప్రొఫెసర్, ఇంకో మూడేళ్లకు ప్రొఫెసర్. దీనికి ఖాళీ పోస్టుతో పని లేదు, అర్హత ఉంటే చాలు. గడువు తేదీకి మూడు నెలల ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు అందిన ఆరు నెలల్లో విశ్వవిద్యాలయం ప్రక్రియ పూర్తి చేయాలి. కాగితం మీద ఇంత సాఫీగా ఉంది.

పదిహేనేళ్లుగా స్త్రీల పని గురించి పరిశోధన చేస్తున్నాను. ఈ కాలంలో తోటి అధ్యాపకురాళ్లు ఎందరో తమ దరఖాస్తులు చూసిపెట్టమని నాకు ఇచ్చారు. వాటిని చదివినప్పుడల్లా ఒకే చోట నా చూపు ఆగుతుంది. ఆ ఫారంలో రెండు లెక్కలున్నాయి. ఒకటి బోధన లెక్క, రెండోది పరిశోధన లెక్క.

బోధన లెక్కలో 2018 నిబంధనలు ఒక మంచి మాట చెప్పాయి. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు, వైద్య సెలవు వంటి వాటిలో గడిపిన కాలాన్ని గ్రేడు లెక్క నుంచి తీసేయాలి. మిగిలిన కాలంలో చేసిన పనినిబట్టి మొత్తం కాలానికి గ్రేడు ఇవ్వాలి. ముందస్తు అనుమతితో తీసుకున్న సెలవు వల్ల ప్రమోషన్‌లో నష్టం జరగకూడదు. పిల్లల్ని కనడం, పెంచడం ఉద్యోగంలో లోపం కాదని ప్రభుత్వ కాగితం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

కాని ఈ మాట పరిశోధన లెక్క దగ్గరికి వచ్చేసరికి వినిపించదు. విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే 70 పాయింట్లు, ఏడు ప్రచురణలు కావాలి. ఆ ఏడింటిలో మూడు వ్యాసాలు సమీక్షా కాలంలోనే అచ్చయి ఉండాలి. ప్రొఫెసర్‌కు 110 పాయింట్లు, పది ప్రచురణలు కావాలి. వీటిలోనూ మూడు సమీక్షా కాలంలోనివై ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక స్త్రీ ఆరు నెలలు ప్రసూతి సెలవులో, మరికొన్ని నెలలు శిశు సంరక్షణ సెలవులో ఉంటే ఆమెకూ మూడు వ్యాసాలే, ఏ సెలవూ తీసుకోని పురుషుడికీ మూడు వ్యాసాలే. సెలవు కాలాన్ని మినహాయించే గడి ఇక్కడ లేదు. పాఠం చెప్పలేని నెలల్లో ఆమె పరిశోధన మాత్రం చేస్తూ ఉంటుందని ఈ ఫారం అనుకుంటోందా?

ఆలస్యంగా దరఖాస్తు చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు. అర్హత గడువు నాటికే అన్నీ ఉన్నవారికి ప్రమోషన్ ఆ గడువు తేదీ నుంచే వర్తిస్తుంది. తర్వాత అర్హత సాధించినవారికి, సాధించిన తేదీ నుంచి. మొదటిసారి తిరస్కరిస్తే ఏడాది ఆగాలి. ఒక్కో మెట్టు దగ్గర పోయిన ఏడాది జీతంలో, సీనియారిటీలో, రిటైరయ్యాక వచ్చే డబ్బులో పోతూనే ఉంటుంది. తల్లి అయినందుకు ఎవరూ శిక్ష వేయలేదంటారు. మూల్యం మాత్రం ఆమే చెల్లిస్తుంది.

పాయింట్ల పట్టిక చూస్తే ఏ పనికి విలువ ఉందో తెలుస్తుంది. విదేశంలో ఇచ్చే ఆహ్వాన ఉపన్యాసానికి 7, రాష్ట్ర స్థాయిలో ఇచ్చేదానికి 2. పది లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తిచేస్తే 10. విధాన పత్రం ప్రపంచ బ్యాంకు వంటి అంతర్జాతీయ సంస్థకు ఇస్తే 10, రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తే 4. అదే అధ్యాపకురాలు బీడీ కార్మికుల ఇళ్లలో నెలల తరబడి కూర్చుని, వారి సంఘం కోసం తెలుగులో ఒక నివేదిక రాసిస్తే దానికి ఈ పట్టికలో గడే లేదు. హాస్టల్లో రాత్రి పూట భయపడి ఫోన్ చేసిన విద్యార్థిని దగ్గరికి పరిగెత్తిన వార్డెన్‌కు బోధన పక్కన ఒక ‘కార్యకలాపం’గా గుర్తింపు దొరుకుతుంది. పరిశోధన పాయింట్లలో అది సున్నా. వంటింటి పని జాతీయాదాయంలో కనిపించదని మనం ఎన్నేళ్లుగానో చెబుతున్నాం. విశ్వవిద్యాలయానికీ ఒక వంటిల్లు ఉంది. అందులో పని ఎక్కువగా స్త్రీలకే అప్పజెబుతారు.

ఇదంతా దరఖాస్తు చేసుకునే అర్హత ఉన్నవారి కథ. ఈ ప్రమోషన్ మంజూరైన పోస్టులో రెగ్యులర్‌గా ఉన్నవారికి మాత్రమే. కాంట్రాక్టు మీద, గంటల లెక్కన ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న స్త్రీలు ఈ వరుసలో నిలబడటానికే లేదు.

సెలెక్షన్ కమిటీ సంగతి వేరే చెప్పాలి. అభ్యర్థుల్లో స్త్రీలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులు ఉండి, కమిటీలో ఆ వర్గానికి చెందినవారు లేకపోతే ఒకరిని నియమించాలని నిబంధన చెబుతోంది. నియమిస్తారు కూడా. కాని ఆరేడుగురిలో ఒకరిగా వచ్చి కూర్చున్న ఆ సభ్యురాలి మాట ఎంతవరకు చెల్లుతుంది? దళిత స్త్రీ అభ్యర్థిగా వచ్చినప్పుడు, అగ్రకుల స్త్రీ ఒకరు, దళిత పురుషుడు ఒకరు ఉంటే లెక్క సరిపోయిందనుకుంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటి గదుల కోసమే పుట్టిందేమో.

2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా విడుదల చేసింది. పాయింట్ల పట్టికకు బదులు తొమ్మిది రకాల ‘విశిష్ట కృషి’లో కనీసం నాలుగు చూపించాలని అందులో ప్రతిపాదించింది. వాటిలో భారతీయ భాషల్లో బోధన, సామాజిక సేవ కూడా ఉన్నాయి. వినడానికి బాగుంది. కాని విశిష్టమేదో తేల్చేది మళ్లీ ఆ కమిటీయే. అంకెకు కనీసం ఎదురు ప్రశ్న వేయవచ్చు. అభిప్రాయానికి ఎలా వేస్తాం? పైగా ఫారం మారినా సెలవు కాలపు మినహాయింపు దానంతటదే రాదు. అడిగి రాయించుకోవాలి.

కనుక మనం అడగవలసినవి ఇవి. బోధనకు ఇచ్చిన సెలవు మినహాయింపు పరిశోధన లెక్కకూ వర్తించాలి. ఫిర్యాదుల కమిటీల్లో, హాస్టళ్లలో, ప్రజాసంఘాలతో చేసే పనికి కొలమానం ఉండాలి. ఆరు నెలల గడువు దాటిన ప్రతి ఫైలుకూ రిజిస్ట్రార్ కారణం రాయాలి.

దరఖాస్తు పెట్టబోయే సోదరీమణులకు ఒక మాట. మినహాయింపు ముందస్తు అనుమతి ఉన్న సెలవుకే కనుక, ప్రతి సెలవు మంజూరు ఉత్తర్వు ప్రతిని దాచుకోండి. గడువు తేదీకి మూడు నెలల ముందే దరఖాస్తు ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి.

సంఘాల్లో పనిచేసేవారికి ఇంకో మాట. రేషన్ కార్డుల కోసం, ఉపాధి హామీ కూలి కోసం 2005 సమాచార హక్కు చట్టాన్ని మనం వాడాం. అదే దరఖాస్తు మీ జిల్లా విశ్వవిద్యాలయానికి పెట్టండి. గత ఐదేళ్లలో ప్రమోషన్ కోసం దరఖాస్తు చేసిన స్త్రీలు ఎందరు, పురుషులు ఎందరు, ఎవరి ఫైలు ఎన్ని నెలలు ఆగింది, ఎందరిని తిరస్కరించారు, వారిలో దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలు ఎందరు అని అడగండి. వచ్చిన జవాబులు, రాకపోతే రాలేదన్న సంగతి, మాకు రాయండి. వచ్చే సంచికల్లో అచ్చు వేస్తాం.