పది తర్వాత దారులు చెప్పేదెవరు?

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఊళ్లలో పదో తరగతి పరీక్షలు మొదలుకాకముందే ఇళ్లకు కాలేజీ పీఆర్వోలు వస్తారు. చేతిలో ర్యాంకర్ల ఫొటోల బ్రోచర్, రసీదు పుస్తకం. "ఇప్పుడే అడ్వాన్సు కట్టి సీటు ఖాయం చేసుకోండి, ఫలితాలొచ్చాక ఈ రాయితీ రాదండీ" అంటారు. తండ్రి అడిగేవన్నీ హాస్టల్ గురించి, ఫీజు వాయిదాల గురించి. గ్రూపు సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది: లెక్కలొస్తే ఎంపీసీ, రాకపోతే బైపీసీ. గుమ్మం పక్కన నిలబడ్డ అమ్మాయిని "నీకేం ఇష్టమమ్మా?" అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా ఏం చెబుతుంది? ఆమె విన్న దారులే రెండు.

కార్పొరేట్ కాలేజీలను తిట్టి ఊరుకుంటే ఒరిగేదేమీ లేదు. సీటు అమ్ముకునేవాళ్లు సీటు గురించే చెబుతారు. పదేళ్లు చదువు చెప్పిన బడి ఆ సమయంలో నోరు మెదపకపోవడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఈ జంక్షన్‌కు దగ్గర్లోనే ఏమేం ఉన్నాయో చూడండి. నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008 నుంచి పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తోంది. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ ఒకేచోట. దాని సంగతి ఊరందరికీ తెలుసు. గన్నవరం మండలం సూరంపల్లిలోని సీపెట్‌లో పది పాసైనవాళ్లు మూడేళ్ల ప్లాస్టిక్స్ డిప్లొమా చేయొచ్చన్నది ఎందరికి తెలుసు? మల్లవల్లి పారిశ్రామికవాడలో 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం మొదలైంది. అలాంటిచోట వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి, అంటే ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ. కైకలూరు వైపంతా చేపల చెరువులే. దివిసీమలో భావదేవరపల్లి ఫిషరీ పాలిటెక్నిక్ ఉన్నదని ఆ చెరువుల మీద బతికే ఇళ్లలోనే చాలామందికి తెలియదు. పాలిటెక్నిక్‌కు వెళితే పెద్ద చదువు పోయినట్టేనన్న భయం కూడా నిజం కాదు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏట చేరొచ్చు.

పదిహేనేళ్ల వయసులో తీసుకున్న గ్రూపు ఏ తలుపు మూస్తుందో కూడా ముందే చెప్పాలి. లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ పోతాయి. జీవశాస్త్రం వదిలేస్తే పశువైద్యం, అగ్రికల్చర్ బీఎస్సీ పోతాయి. గన్నవరంలో పశువైద్య కళాశాల ముందునుంచే రోజూ బస్సులో వెళ్లే ఎంపీసీ కుర్రాడికి ఆ సంగతి రెండో ఏడాదిలో తెలిస్తే ఏం లాభం? బీఫార్మసీకి రెండు గ్రూపులవాళ్లూ అర్హులే. సీఏకి, అయిదేళ్ల లా కోర్సుకి ఏ గ్రూపైనా ఒకటే. ఇదంతా ఒక్క కాగితం మీద పడుతుంది. ఆ కాగితం తొమ్మిదో తరగతిలోనే ప్రతి బిడ్డ చేతికీ ఎందుకు అందదు?

ఇంటర్ బోర్డు 2025-26 నుంచి తెచ్చిన మార్పు మంచిదే. లెక్కల రెండు పేపర్లనూ ఒకటి చేసి, వృక్షశాస్త్రాన్నీ జంతుశాస్త్రాన్నీ కలిపి, లెక్కలూ జీవశాస్త్రమూ రెండూ చదవాలనుకునేవాళ్లకు ఎంబైపీసీ దారి తెరిచింది. నిర్ణయాన్ని రెండేళ్లు వాయిదా వేసుకునే వీలు పిల్లలకు చాలా అవసరం. అయితే తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టల్ టైంటేబుల్లో ఇంకో సబ్జెక్టు చేరిస్తే అది వీలు కాదు, భారం. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో అధ్యాపకులను నింపి అక్కడ నడిపితేనే ఈ మార్పుకు అర్థం.

ఇంగ్లండ్‌లోనూ బడులు తమ సీట్లు నింపుకోవడానికి పిల్లలకు వృత్తివిద్య సంగతి చెప్పడం లేదని గొడవ వచ్చింది. 2018 జనవరి నుంచి బేకర్ క్లాజ్ అనే నిబంధన అమల్లోకి వచ్చింది. సాంకేతిక కాలేజీలు, అప్రెంటిస్‌షిప్ ఇచ్చే సంస్థలు బడికి వచ్చి పిల్లలతో మాట్లాడటానికి ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి హైస్కూలూ అవకాశం ఇవ్వాలి. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లకూ ప్రైవేటు స్కూళ్లకూ అలాంటి ఉత్తర్వు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తొమ్మిదిలో రెండుసార్లు, పదిలో రెండుసార్లు ఐటీఐ, పాలిటెక్నిక్, సీపెట్‌వాళ్లు వచ్చి తల్లిదండ్రుల ఎదుటే మాట్లాడాలి. ఆ తేదీలు అడ్మిషన్ల హడావుడి మొదలయ్యేలోపే పెట్టాలి.

ఇంకొకటి. చేరిన రెండు నెలలకు గ్రూపు తప్పని గ్రహించిన పిల్లలు కూడా కదల్లేరు, ఎందుకంటే టీసీ, పదో తరగతి మార్కుల మెమో కాలేజీ బీరువాలో ఉంటాయి. మిగతా ఫీజంతా కడితేనే ఇస్తామంటారు. డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదనీ, మానుకున్నవారికి ఫీజు వెనక్కివ్వాలనీ యూజీసీ 2018లోనే చెప్పింది. డిగ్రీ పిల్లల కంటే చిన్నవాళ్లైన ఇంటర్ పిల్లలకు కూడా ఆ రక్షణ అంతే గట్టిగా ఉండాలి. సెప్టెంబరు దాకా గ్రూపైనా కాలేజీ అయినా మార్చుకునే హక్కు, అడిగిన వారంలో టీసీ, చదివిన నెలలు మినహాయించి మిగతా ఫీజు వాపసు: బోర్డు ఈ మూడూ వచ్చే అడ్మిషన్ల ప్రకటనలోనే రాయాలి. రాసిన మాట తప్పిన కాలేజీ గుర్తింపు ఆ ఏటికి ఆపాలి.